దెయ్యం సినిమాకి చెవులు కావాలి అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సినిమాల మీద రాయడం మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపినవి రెండూ చదివాను. రెండిట్లో కలిపి 'గూస్‌బంప్స్' అన్న మాట ఆరుసార్లు వచ్చింది. ఎక్కడొచ్చాయో, ఎందుకొచ్చాయో మాత్రం ఒక్కసారీ రాయలేదు. కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నేనూ 'అదిరిపోయింది' తప్ప ఇంకో మాట ఎరగను.

నాకు బుద్ధొచ్చిన సంగతి చెప్తాను. 1985లో మా ఊరి సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే అసిస్టెంట్ ఆపరేటర్‌ని. 'అన్వేషణ' వేశారు. అడవిలో వరసగా హత్యలు, పులి పని అని జనం నమ్మడం, పక్షుల కూతల మీద పరిశోధనకని భానుప్రియ అక్కడికి రావడం. రోజూ అన్ని ఆటలూ చూసేవాణ్ణి, అయినా ప్రొజెక్టర్ దీపంలో వెలిగే కార్బన్ కడ్డీలు సర్దుతూ సర్దుతూ వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుండేది. ఒక రాత్రి సెకండ్ షోలో క్యాబిన్‌లోని మానిటర్ స్పీకర్ పోయింది. హాల్లో సౌండ్ బాగానే ఉంది, నాకు మాత్రం ప్రొజెక్టర్ గరగర తప్ప ఏమీ వినబడదు. కన్నంలోంచి చూస్తే తెర మీద ఒకమ్మాయి చెట్ల మధ్య నడిచి వెళ్తోంది, అంతే. చూస్తుండగానే కింద బెంచీల వాళ్లంతా ఒక్కసారి ముడుచుకుపోయారు. మూడో వరసలో ఒకావిడ పిల్లాడి తల ఒళ్లోకి లాక్కుంది. వాళ్లని వణికిస్తున్నది దర్శకుడు వంశీ చూపించిన అడవి ఒక్కటే కాదని, ఇళయరాజా వినిపిస్తున్న అడవి కూడా అని అప్పుడు తెలిసింది.

అందుకే చెప్తున్నా, భయపెట్టిన సీను రెండోసారి సౌండ్ మ్యూట్ చేసి చూడు. తర్వాత కళ్లు మూసుకుని విను. ఏది మిగిలితే దాని గురించి రాయి. 'సైకో'లో షవర్ కింద హత్య జరిగే సీనుకి అసలు సంగీతమే వద్దన్నాడట దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట వినకుండా సంగీతం కట్టి వినిపించాక మనసు మార్చుకున్నాడు. సినిమా అంతా తీగ వాద్యాలే. రక్తం అనుకున్నది చాక్లెట్ సిరప్. 'జాస్'కి చేయించిన మర సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు కనిపించనివ్వకుండా సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ కట్టిన రెండు స్వరాలతో లాక్కొచ్చాడు. మన దగ్గరా అంతే. 'అరుంధతి'లో సోనూ సూద్ ఆకారం భయపెట్టింది నిజమే, కానీ పిల్లలు రాత్రుళ్లు దుప్పటి ముసుగేసుకున్నది రవిశంకర్ చెప్పిన డబ్బింగుకి. ఇప్పటికీ ఆయన్ని బొమ్మాళి రవిశంకర్ అనే అంటారు. నీ 'అరుంధతి' రివ్యూలో ఆయన పేరే లేదు!

ఇంకోటి. ఉలిక్కిపడ్డ ప్రతిసారీ భయపడ్డానని రాసేయకు. మీ అత్తయ్య కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడుతుంది. అర నిమిషం నిశ్శబ్దం పెట్టి చెవి పక్కన ధనేల్మని కొడితే ఎవరైనా ఎగిరి పడతారు. ఇంటికొచ్చాక బాత్రూంకి వెళ్లాలంటే లైటు వెయ్యబుద్ధవుతోందా లేదా, అది చూసుకో. 1992లో 'రాత్రి' సినిమా చూసొచ్చాక నెల రోజులు మా పెరట్లో పిల్లి అరిస్తే నేను తలుపు తియ్యలేదు.

థ్రిల్లర్ల విషయంలో మీ వాళ్లందరూ ట్విస్టు ట్విస్టు అని చస్తున్నారు. టేబుల్ కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెప్తే పావుగంట టెన్షన్, చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల షాక్ అని హిచ్‌కాక్ లెక్క. మా ఆపరేటర్లకి మొదటి రోజే హంతకుడెవరో తెలిసిపోయేది. తెలిశాక కూడా కూర్చోబెట్టిన సినిమా మా దృష్టిలో మంచి సినిమా. కాబట్టి నువ్వూ రెండోసారి చూశాకే రాయి. ముగింపు మాత్రం బయటపెట్టకు. హాలు మెట్ల మీదే హంతకుడి పేరు అరిచిన ఒక కుర్రాణ్ణి మా బుకింగ్ గుమాస్తా గేటు దాకా తరిమాడు.

2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక వరసగా వచ్చిన నవ్వుల దెయ్యాల గురించి నన్నడక్కు. ఒకటీ అరా తప్ప, దెయ్యానికి మర్యాద లేకుండా చేశారు. ఇది నా చాదస్తమే అనుకో, నీకు నచ్చితే నచ్చిందనే రాయి. మామయ్యకి భయపడి మార్చకు.

ఫోన్లో, బస్సులో, సగం సగం చూసి మాత్రం రాయకు. సంక్రాంతికి వస్తావుగా, నీ పెద్ద హెడ్‌ఫోన్లు పట్టుకురా. నా చెవి కాస్త మందగించింది, 'అన్వేషణ' మళ్లీ వినాలనుంది. మేడ మీద గదిలో చూద్దాం. అత్తయ్యకి చెప్పకు, రాత్రి కిందికి ఒంటరిగా దిగదు.

మీ మామయ్య