తిట్టే ముందు నేర్పామా?

(పశ్చిమ గోదావరి జిల్లాలోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, పిల్లల పెంపకం గురించి పాఠకులు రాసే ఉత్తరాలకు ఇచ్చే జవాబులు.)

ప్రశ్న: టీచర్ గారూ, మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. కొట్టకుండా, భయపెట్టకుండా పెంచాలని వాడు పుట్టినప్పుడే అనుకున్నాను. నెల క్రితం రాత్రి రైలులో కాకినాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లాం. వాడు బోగీలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు తీశాడు. నిచ్చెన ఎక్కి దూకాడు. నా ఫోనులో బొమ్మల వీడియో పెద్ద శబ్దంతో పెట్టాడు. పక్క బెర్తులోని పెద్దాయన లేచి కూర్చుని, 'పిల్లవాడిని కాస్త చూసుకోండమ్మా' అన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. అందరూ చూస్తుండగా వాడి వీపు మీద రెండు దెబ్బలు వేశాను. వెక్కివెక్కి ఏడుస్తూ పడుకున్నాడు. మా అత్తగారు 'ఐదేళ్లు లాలించాలి, పదేళ్లు దండించాలి' అనే శ్లోకం గుర్తు చేసి, స్వేచ్ఛ పేరుతో వాడిని చెడగొడుతున్నానన్నారు. నేను చేస్తున్నది తప్పా?
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఒక మాట అడుగుతాను. రైలులో ఎలా ఉండాలో బాబుకు ఎవరైనా నేర్పారా? 'అల్లరి చేయకూడదు' అని చెప్పే ఉంటారు. అది హెచ్చరిక. నేర్పడం వేరు. ఈత నేర్పకుండా చెరువులో దింపి, మునుగుతుంటే ఎందుకు మునుగుతున్నావని కొడతామా? రైలు, పెళ్లి పందిరి, గుడి, ఆసుపత్రి... ఆరేళ్ల పిల్లవాడికి ఇవన్నీ కొత్త చెరువులే.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల పేటలో చిన్న పిల్లలకు బడి పెట్టారు. ఒకరోజు ఆమె పిల్లలను కూర్చోబెట్టి ముక్కు ఎలా చీదుకోవాలో చేసి చూపించారు. చేతిరుమాలు ఎలా మడవాలి, శబ్దం రాకుండా, పదిమందీ చూడకుండా ఎలా తుడుచుకోవాలి, అంతే. పాఠం అయిపోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఆశ్చర్యపోయి ఆలోచిస్తే కారణం తెలిసింది. ముక్కు కారుతోందని ఆ పిల్లలను రోజూ తిట్టినవాళ్లే తప్ప, అవమానించకుండా కూర్చోబెట్టి నేర్పినవాళ్లు అంతవరకూ లేరు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె గురించి నేను చదివిన వాటిలో ఈ చేతిరుమాలు సంగతే నా మనసులో నాటుకుపోయింది.

ఎందుకంటే నేను కూడా ఆరు నెలలపాటు నేర్పకుండా అరిచినదాన్నే. 2003లో మా బడిలో మధ్యాహ్న భోజనం మొదలైన కొత్త. అన్నం గిన్నె కనబడగానే నలభై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడేవారు. పప్పు ఒలికేది, చిన్నపిల్లలు ఏడ్చేవారు. 'తోసుకోకండి' అని గొంతు చించుకునేదాన్ని. చివరికి ఒక శనివారం, భోజనాలయ్యాక, అందరి కడుపులూ నిండి ఉన్నప్పుడు ఖాళీ పళ్లేలతో ఆట పెట్టాను. ఒకటో తరగతి పిల్లవాడిని వంటమ్మగా నిలబెట్టి ఉత్త గరిటె ఇచ్చాను. ముందు నిలబడినవారికి మోచెయ్యి దూరం వదలాలని చేయి చాపి చూపించాను. పళ్లెం రెండు చేతులతో పట్టుకోవాలి, ఒక చేత్తో పట్టుకుంటే వాలిపోయి పప్పు కారుతుంది. సరిపోగానే వడ్డించేవారి ముఖం చూసి 'చాలమ్మా' అనాలి. పిల్లలు లేని అన్నం వడ్డించుకుని, లేని పప్పు కలుపుకుని, నవ్వుకుంటూ మూడుసార్లు ఆడారు. సోమవారం అసలు అన్నం వచ్చినప్పుడు వరుస సగమే కుదిరింది. కానీ తోపులాట మొదలవబోతుండగా వెనక నుంచి ఒక చిన్న గొంతు 'మోచెయ్యి దూరం, మోచెయ్యి దూరం' అంది. నేను అనవలసిన మాట ఒక పిల్ల అంది! ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గొంతు నాకు వినబడుతూనే ఉంటుంది.

మీరూ ఇంట్లో రైలు ఆట ఆడండి. మంచాన్ని కింది బెర్తు అనుకోండి, పక్కన రెండు కుర్చీలు వేయండి. బాబును టికెట్ కలెక్టర్‌గా చేయండి, ఆ పని పిల్లలందరికీ ఇష్టం. తరువాత 'రాత్రి పది గంటలైంది' అని లైటు ఆర్పేయండి. రాత్రి పది తరువాత పెద్ద లైట్లు ఆర్పేయాలని, గట్టిగా మాట్లాడకూడదని, ఫోనులో పాటలు పైకి వినబడేలా పెట్టకూడదని రైల్వే నిబంధనలే ఉన్నాయి. పది నుంచి ఉదయం ఆరు దాకా మధ్య బెర్తు వేసుకుని పడుకునే హక్కు ప్రయాణికుడికి ఉంది. ఇవన్నీ వాడికి చెప్పండి. అమ్మకు కోపం వస్తుంది కాబట్టి నోరు మూసుకోవడం వేరు, ఇది ఇక్కడున్న అందరికీ వర్తించే నియమం అని తెలుసుకోవడం వేరు. ఆరేళ్ల పిల్లవాడికి రెండోదే ఎక్కువ నచ్చుతుంది.

ఆటలో ఒక భాగం మాత్రం వదలకండి. బాబును ఆ పెద్దాయన పాత్రలో పడుకోబెట్టండి. ఆయనకు మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే ఆసుపత్రిలో చూపించుకోవాలి, అప్పుడే కన్ను అంటుకుంది అని చెప్పండి. వాడు కళ్లు మూసుకోగానే మీరు మంచం పక్కన దబదబ అడుగులు వేస్తూ పరుగెత్తండి. ఫోనులో వాడికి ఇష్టమైన వీడియోనే గట్టిగా పెట్టండి. వాడు విసుక్కుంటూ లేస్తాడు. అప్పుడు మీరేమీ అనకండి. వాడినే మాట్లాడనివ్వండి.

ఇక స్వేచ్ఛ సంగతి. మీ అత్తగారు ఒకవైపు, మీరు ఒకవైపు నిలబడి స్వేచ్ఛా, క్రమశిక్షణా అని తూచుకుంటున్నారు. నా దృష్టిలో అడగవలసింది మరొకటి: ఈ విషయం వాడి ఒక్కడిదా, పదిమందిదా? పులిహోర ఇప్పుడు తింటాడా తరువాత తింటాడా, ఏ చొక్కా వేసుకుంటాడు, కిటికీ పక్కన కూర్చుంటాడా, ఇవి వాడివి. వీటిలో మీరు తలదూర్చకండి. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే చీకట్లో నీళ్ల మీద దీపాలు చూడాలని మేలుకొని ఉన్నాడా, ఉండనివ్వండి. అది చూసి కేక పెడితే నిద్రపోతున్న అరవై మంది లేస్తారు, కాబట్టి ఆ ఆనందాన్ని మీ చెవిలో చెప్పమనండి. ఇంట్లో తన విషయాల్లో తన మాట చెల్లుతుందని తెలిసిన పిల్లవాడు, బయట పదిమంది మాట వినడానికి త్వరగా ఒప్పుకుంటాడు. నా తరగతుల్లో చూసి చెబుతున్నాను.

వాడి ఒంటి సంగతి కూడా ఆలోచించండి. ఆ వయసు కాళ్లు గంటల తరబడి కదలకుండా ఉండలేవు. రైలు ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద చేయి పట్టుకుని ఆ చివరి దాకా నడిపించండి. రైలులో గంటకోసారి 'పిల్లి నడక' అని చప్పుడు కాకుండా బోగీ చుట్టి రండి. పరుగు వద్దన్నప్పుడు నడకకైనా దారి చూపాలి.

ఇంకొకటి, మీ ఇంట్లో పెద్దలు ఎవరైనా బస్సులోనో, రైలులోనో ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడతారా? ఉంటే ముందు అది మానాలి. అది మానకుండా ఆడే రైలు ఆటలు పనిచేయవు.

ఆ రెండు దెబ్బల గురించి. బాబుకు క్షమాపణ చెప్పండి. 'నువ్వు పరుగెత్తడం తప్పే. కానీ అందరి ముందు నేను నిన్ను కొట్టడమూ తప్పే' అని రెండూ చెప్పండి. తల్లి క్షమాపణ అడిగితే పిల్లలకు లోకువ అవుతుందని కొందరు అంటారు. నాకు అలా ఎప్పుడూ జరగలేదు. మీరు ఆ రోజు కొట్టింది వాడికి నేర్పడానికి కాదమ్మా, చుట్టూ ఉన్నవారికి 'నేనూ మంచి తల్లినే' అని చూపించుకోవడానికి. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. నేనూ అలా చేసినదాన్నే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా బల్ల మీద చింతబరికె ఉండేది. రోజూ ఆలస్యంగా వచ్చే ఒక మూడో తరగతి పిల్లవాడిని, తనిఖీకి అధికారి వచ్చిన రోజున చేయి చాపమని కొట్టాను. బడి క్రమశిక్షణ అధికారికి కనబడాలని. వాడు ఏడవలేదు, చేయి వెనక్కి తీసుకుని చొక్కాకు రాసుకున్నాడు. సాయంత్రం చూస్తే ఆ అరచేతిలో అప్పటికే బొబ్బలు ఉన్నాయి. తెల్లవారుజామున తల్లిదండ్రులతో కలిసి ఇటుకల బట్టీలో పచ్చి ఇటుకలు తిరగేసి బడికి వస్తున్నాడు. ఆ చేతిని చూడకుండానే కొట్టాను. మళ్లీ బరికె పట్టలేదు. బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు 'ఇక పిల్లలు మాట వినరు' అని తోటి ఉపాధ్యాయులు కొందరు బాధపడ్డారు. నాకు మాత్రం ఆ చట్టం ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే బాగుండేదని అనిపించింది.

మీ అత్తగారితో వాదించకండి, ఆవిడ సాయం అడగండి. ఆ శ్లోకం పదహారేళ్లు వచ్చిన కొడుకును స్నేహితుడిలా చూడమని కూడా చెబుతుంది. పదేళ్లు దెబ్బలు తిన్నవాడు పదహారో ఏట హఠాత్తుగా స్నేహితుడు ఎలా అవుతాడో నాకు అర్థం కాదు. అయితే ఆవిడ తరానికి తెలిసిన గొప్ప పాఠం ఒకటుంది, బంతి భోజనం. మా అమ్మమ్మ మమ్మల్ని విస్తరి ముందు కూర్చోబెట్టి, 'నీ తిండి అయిపోయిందని లేవకు, పక్కవాళ్ల విస్తళ్లు చూసి లే' అనేది. బంతిలో చివరి మనిషి ముగించేదాకా అందరూ కూర్చునే ఉండేవారు. బాబుకు అది నేర్పమని ఆవిడను అడగండి.

ప్రశ్న: అమ్మా, నా మనవరాలికి తొమ్మిదేళ్లు. ఇంటికి ఎవరైనా వస్తే గదిలోకి వెళ్లిపోతుంది. మొన్న నా చిన్ననాటి మిత్రుడు ప్రేమగా బుగ్గ పట్టుకుని దగ్గరకు లాక్కుంటే చేయి విదిలించుకుని వెళ్లింది. మందలించబోతే మా కోడలు 'బలవంతం చేయకండి మామయ్యా' అంది. పెద్దలకు మర్యాద ఇవ్వడం నేర్పకూడదా?
— ఒక తాతగారు, కరీంనగర్

జవాబు: అన్నయ్యగారూ, నేర్పాలి. కానీ ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. వచ్చినవారిని పలకరించడం మర్యాద, అది ఆ అమ్మాయి చేయవలసిందే. ఒళ్లు ముట్టుకోనివ్వడం మర్యాదలోకి రాదు. బుగ్గ గిల్లడం, ఒడిలోకి లాక్కోవడం, ముద్దు పెట్టమనడం ఆ పిల్లకు ఇష్టమైతేనే జరగాలి. మీ మిత్రుడి మనసులో ప్రేమే ఉంది, సందేహం లేదు. అయినా ఈరోజు 'పెద్దవాళ్లు, ఏమనకూడదు' అని మనం అలవాటు చేస్తే, రేపు ప్రేమ లేని చేయి ఎదురైనప్పుడు కూడా ఏమీ అనలేకపోతుంది. మీ కోడలు కాపాడుతున్నది దాన్నే.

మన నమస్కారం ఎంత చక్కనిదో చూడండి. ఎదుటివారిని ముట్టుకోకుండానే ఎంతో గౌరవం చూపుతుంది. ఆ ఒక్కటి నేర్పండి. దానికి ముందు మీరు చేయవలసింది కొంత ఉంది. వచ్చేది ఎవరో ఉదయమే చెప్పండి. 'సాయంత్రం వచ్చే తాతయ్యా నేనూ ఒకే సైకిల్ మీద బడికి వెళ్లేవాళ్లం, వర్షం వస్తే ఆయన నా పుస్తకాలు తన చొక్కాలో దాచేవాడు' అని చెబితే, ఆమెకు ఆయన కొత్తమనిషిలా కనబడడు. మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చి ఇప్పించండి. సిగ్గుపడే పిల్లలకు చేతిలో ఒక పని ఉంటే ధైర్యంగా ఉంటుంది. నమస్కారం పెట్టి, నీళ్లు ఇచ్చి, తన గదికి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వండి. పాట పాడమని, పద్యం చెప్పమని నిలబెట్టకండి. అలా నిలబెడతారనే చాలామంది పిల్లలు గదిలో దాక్కుంటారు.

మీ మిత్రుడికి మీరే చెప్పండి, కోడలి చేత చెప్పించకండి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. కారులో వెళ్తూ చిప్స్ ప్యాకెట్లు, ఖాళీ నీళ్ల సీసాలు కిటికీలోంచి రోడ్డు మీద పారేస్తాడు. అడిగితే 'అందరూ వేస్తున్నారు కదా' అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు.
— ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: బాబూ, ఈ వయసులో మీరు ఎక్కువ చెప్పేకొద్దీ వాడు తక్కువ వింటాడు. ఇక చెప్పడం ఆపండి. ముందు సీటు వెనక ఒక గుడ్డసంచి కట్టండి. కారులో చెత్త వేసే చోటు లేకుండా వేయవద్దంటే ఎలా? ఆ సంచిని ఇంటికి వచ్చాక తడిచెత్త, పొడిచెత్త విడదీసి డబ్బాల్లో వేసే పని పూర్తిగా వాడికి అప్పగించండి. మీరు గుర్తు చేయకండి, నిండిపోతే నిండనివ్వండి, మీరు తీయకండి.

ఈసారి వాడు సీసా బయటకు విసిరితే కోప్పడకండి. కారును భద్రంగా పక్కకు ఆపండి. ఇద్దరూ దిగి, వెనక్కి నడిచి, దాన్ని తీసుకురండి. వంగి తీయవలసింది వాడే, మీరు పక్కన ఉంటే చాలు. దారిలో దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడకండి. కారు ఎక్కాక, వాడికి ఇష్టమైన క్రికెట్ గురించే మాట్లాడుకుంటూ వెళ్లండి.