పెరట్లో నల్లరేగడి ఉంది, ఇసుక కలిపితే గుల్లబారుతుందా?

కొద్దిగా కలిపితే లాభం లేదు, ఒక్కోసారి ఇంకా గట్టిపడుతుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, ఇసుక సందుల్లోకి దూరి బిగుసుకుంటుంది. తేడా కనిపించాలంటే మట్టిలో దాదాపు సగం ఇసుకే పోయాలి. ఇప్పుడున్న ఇసుక ధరకి ఆ పని ఎందుకు?

నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ రకం ఖనిజాలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి. వానల్లో జిగురు, వేసవిలో నెర్రెలు అందుకే. ఆ గుణం పోదు కానీ, బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో రెండు మూడు అంగుళాల మందాన పరిచి పైమట్టిలో కలిపితే రేణువులు గుళికలుగా కట్టి గాలి ఆడుతుంది. ఏటా వేయాల్సిందే, మన ఎండలకు ఎరువు తొందరగా హరించుకుపోతుంది.

అసలు సంగతి పదును, అంటే తవ్వే వేళకి మట్టిలో ఉన్న తడి. గుప్పెడు మట్టి ఉండ చేసి బొటనవేలితో నొక్కండి. పొడిగా విడిపోతే తవ్వండి, ముద్దలా సాగితే పార ముట్టుకోవద్దు. తడి మీద తవ్వినా తొక్కినా ఎండాక మిగిలేవి రాళ్లలాంటి పెళ్లలే.

జిప్సం అనే ఖనిజపు పొడి సోడియం ఎక్కువున్న చౌడు నేలలకు పనికొస్తుంది, మామూలు రేగడికి పెద్దగా అక్కర్లేదు. టమాటా, మిరప లాంటివైతే ఎత్తు మళ్ల మీద నాటండి, వేర్ల దగ్గర నీరు నిలవదు.