టెక్ సందేహాలు: టర్బో కారు, మ్యాప్ సెన్సార్, గ్రూపులో పెట్టిన ఈసీయూ ఫైల్

సెన్సార్ మార్చాక కారు పాడైందన్న ఫిర్యాదు ఈ మధ్య పదే పదే వస్తోంది. ఊళ్లు వేరు, బండ్లు వేరు, జరిగిన తప్పు మాత్రం ఒకటే. అందుకే ఈసారి ఫోన్లనూ రౌటర్లనూ పక్కన పెట్టి, టర్బో కార్ల ప్రశ్నలు మూడింటికే జవాబులిస్తున్నాను. ముందుగా నాలుగు మాటలు: ఈసీయూ అంటే ఇంజిన్‌కు ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అని నిర్ణయించే కంప్యూటర్. మ్యాప్ సెన్సార్ అంటే ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచేది. బూస్ట్ అంటే బయటి గాలి మీద టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి. ఒక బార్ అంటే 100 కిలోపాస్కళ్లు.

ప్రశ్న (హైదరాబాద్): పాత 1.6 లీటర్ల పెట్రోల్ కారుకు టర్బో వేయించి, విడిగా కొన్న ఈసీయూ పెట్టించాను. ట్రాక్ మీద మాత్రమే నడుపుతాను. గేజ్ మీద బూస్ట్ 1.2 బార్. ముందు ముందు పనికొస్తుందని షాపువాళ్లు 2.5 బార్ మ్యాప్ సెన్సార్ తీసి 4 బార్‌ది పెట్టారు. అప్పటి నుంచి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) నిలవడం లేదు. గట్టిగా తొక్కితే ఇంజిన్‌లో గలగలమంటోంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తీసిన స్క్రీన్‌షాట్ పంపుతున్నాను.

ముందు బండి నడపడం ఆపండి. మీ స్క్రీన్‌షాట్‌లో గాలి ఒత్తిడి 65 కిలోపాస్కల్ అని ఉంది. అది లేహ్ ఎత్తులో ఉండే గాలి. సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 95 కనిపించాలి. సెన్సార్ మార్చారు కానీ ఈసీయూలో దాని లెక్క మార్చలేదు.

మ్యాప్ సెన్సార్ ఈసీయూకి కిలోపాస్కళ్లు చెప్పదు, వోల్టేజి మాత్రమే పంపుతుంది. ఆ వోల్టేజిని ఒత్తిడిగా మార్చేవి సెట్టింగుల్లో మనం ఇచ్చే రెండు అంకెలు: 0 వోల్ట్ దగ్గర ఎంత, 5 వోల్ట్‌ల దగ్గర ఎంత. బాగా వాడకంలో ఉన్న 2.5 బార్ రకానికి ఇవి 10, 260 కిలోపాస్కళ్లు. మీరు చెప్పిన 4 బార్ రకానికి 3.5, 416.5. కొత్త సెన్సార్ హైదరాబాద్ గాలికి 1.1 వోల్ట్ పంపుతుంది. పాత అంకెలతో లెక్కిస్తే అదే 65 అవుతుంది. మీ స్క్రీన్‌షాట్‌తో సరిగ్గా సరిపోయింది.

ఐడిల్ చెడటం ఇందులో చిన్న సంగతి. గేజ్ మీద 1.2 బార్ అంటే మానిఫోల్డ్‌లో (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టాల్లో) అసలు ఒత్తిడి 215 కిలోపాస్కల్ (95కి 120 కలపండి). మీ ఈసీయూకి కనిపించేది 138. లోపలికి పోతున్న గాలిలో మూడింట రెండొంతులకే అది పెట్రోల్ పోస్తోంది. పైగా తక్కువ లోడే కదా అని స్పార్క్‌ను ముందుకు జరుపుతోంది. పెట్రోల్ తక్కువ, స్పార్క్ ముందు. మీకు వినిపించే గలగల అదే, నాకింగ్: సిలిండర్‌లో పెట్రోల్, గాలి మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం. పిస్టన్ అంచు కరిగేది ఇలాగే. నెమ్మదిగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సార్ కరెక్షన్ ఈ లోటును చాలావరకు సర్దేస్తుంది కాబట్టి షాపు చుట్టూ ఒక రౌండ్ కొట్టొచ్చి 'బాగుంది' అనేస్తారు. నిండా తొక్కినప్పుడు ఆ సర్దుబాటు ఆదుకోదు.

బూస్ట్‌ను ఈసీయూనే నియంత్రిస్తుంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. లక్ష్యం 215 అయితే, తనకు 215 కనిపించేదాకా అది వేస్ట్‌గేట్‌ను (ఎగ్జాస్ట్‌ను టర్బో పక్క నుంచి వదిలి బూస్ట్‌ను అదుపులో ఉంచే తలుపు) మూసే ఉంచుతుంది. పాత అంకెలతో 215 కనిపించాలంటే మానిఫోల్డ్‌లో నిజంగా 342 ఉండాలి. బూస్ట్ కట్‌ను (ఒత్తిడి హద్దు దాటితే ఇంజిన్‌ను ఆపే రక్షణ) 235 దగ్గర పెట్టుకుని ధీమాగా ఉన్నారేమో, ఆ కట్ పనిచేసేది అసలు ఒత్తిడి 375 చేరాకే. అంతలోపే హోసో, హెడ్ గ్యాస్కెటో, కనెక్టింగ్ రాడ్డో ఏదో ఒకటి పోతుంది.

ఇక సరిచేయడం. మీ సెన్సార్ మీదున్న పార్ట్ నంబర్‌తో డేటాషీట్ వెతికి, అందులోని సూత్రం నుంచే రెండు అంకెలూ తీయండి. పైన నేనిచ్చినవి ఆ రకానికి మాత్రమే వర్తిస్తాయి, 4 బార్ అని రాసి ఉన్న సెన్సార్లన్నీ ఒకలా ఉండవు. అంకెలు ఎక్కించాక ఇంజిన్ ఆపి తాళం తిప్పి చూడండి. ఇక్కడ చాలామంది వాతావరణ యాప్‌లోని అంకెతో పోల్చి పొరబడతారు. యాప్ చూపే 1008 హెక్టోపాస్కల్‌లాంటి అంకె సముద్ర మట్టానికి సర్దిన లెక్క. విశాఖ తీరంలో పెద్ద తేడా ఉండదు గానీ, హైదరాబాద్‌లో దాన్నే నమ్మి సెన్సార్‌ను 100.8కి లాగితే ఆరు కిలోపాస్కళ్ల తప్పు శాశ్వతంగా ఉండిపోతుంది. బారోమీటర్ ఉన్న ఫోన్ అయితే దాని అసలు రీడింగ్ చూడండి.

ఆ ఒక్క చోట సరిపోయిందని కూడా ఆగిపోకండి. వోల్టేజిని ఒత్తిడిగా మార్చే గీత వాలు తప్పైనా ఒక బిందువు దగ్గర అసలు దానితో కలవొచ్చు. చేతిపంపుతో సెన్సార్‌కు ఒక బార్ గాలి కొట్టి, మంచి గేజ్‌తో పోల్చండి. తర్వాత పెట్రోల్ టేబుల్‌లో, స్పార్క్ టేబుల్‌లో (ఏ ఒత్తిడికి ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అని ఈసీయూ చూసుకునే పట్టికలు) ఒత్తిడి గడులు 215 దాటి వెళుతున్నాయో లేదో చూడండి. టేబుల్ 200 దగ్గరే అయిపోతే చాలా ఈసీయూలు ఆ చివరి వరసలోని విలువనే పట్టుకుని కూర్చుంటాయి.

నన్నడిగితే 4 బార్ సెన్సార్ మీకు అవసరమే లేదు. 215కి 2.5 బార్‌ది సరిపోతుంది, పైన జాగా కూడా ఉంది. గ్రౌండ్ వైరులో 0.1 వోల్ట్ తేడా వస్తే 2.5 బార్ సెన్సార్ 5 కిలోపాస్కళ్లు తప్పు చెబుతుంది, 4 బార్‌ది 8 దాకా చెబుతుంది. సెన్సార్ గ్రౌండ్‌ను బాడీకి కాకుండా ఈసీయూ సెన్సార్ గ్రౌండ్‌కే కలపండి. సెన్సార్ గొట్టాన్ని థ్రాటిల్ తర్వాత ప్లీనమ్ (మానిఫోల్డ్‌లోని గాలి పెట్టె) నుంచి విడిగా తీయండి, వేస్ట్‌గేట్ గొట్టంతో పంచుకోవద్దు.

షాపువాళ్ల మీద ఎంత కోపమొచ్చినా, ఈ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్ల మీద నాకు అంతకంటే ఎక్కువ కోపం. ఇంజిన్ తిరగడం లేదని ఈసీయూకి తెలుసు. మనుషులు కార్లు నడిపే ఊళ్లలో గాలి ఒత్తిడి ఎంత ఉండగలదో కూడా తెలిసిన విషయమే. కొన్ని ఈసీయూలలో బారోమీటర్ విడిగా ఉంటుంది. అన్నీ ఉండి, సెన్సార్ 65 అంటుంటే 'మీరు నిజంగా లేహ్‌లో ఉన్నారా' అని ఒక్క ప్రశ్న వేయడానికేం? తప్పు అంకెలు ఇచ్చినా ఆకుపచ్చ టిక్ పెట్టి సేవ్ చేసుకుంటుంది. తెర మీద డయళ్లకు పది రకాల రంగులు, పిస్టన్‌ను కాపాడే ఆ ఒక్క హెచ్చరిక మాత్రం ఉండదు. ప్రతి అప్‌డేట్‌లో కొత్త డ్యాష్‌బోర్డ్ తొడుగులు వస్తున్నాయి. నాకు కావలసింది సెన్సార్ మార్చినప్పుడు ఇంజిన్ ఆపి చూపించనిదే స్టార్ట్ కానివ్వని సాఫ్ట్‌వేర్.

ప్రశ్న (గుంటూరు): నా టర్బో పెట్రోల్ కారులో బూస్ట్ పెంచితే ఫ్యూయెల్ కట్ వస్తోంది. మ్యాప్ సెన్సార్ వైరుకు చిన్న డయోడ్ పెడితే పోతుందంటున్నారు. నిజమేనా?

పోతుంది. జ్వరం 99 దాటి చూపించకుండా థర్మామీటర్‌ను బిగించినట్టు. డయోడ్ వోల్టేజిని ఒక గీత దగ్గర ఆపేస్తుంది, ఆ పైన ఎంత గాలి పోయినా ఈసీయూకి తెలియదు, దానికి తగ్గ పెట్రోల్ పోయదు. ఓబీడీ పోర్ట్ (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) జోలికి వెళ్లకుండా వైరు మధ్యలో పెట్టే చాలా ట్యూనింగ్ బాక్సులు చేసేదీ ఇదే: ఒత్తిడి తక్కువని ఈసీయూకి అబద్ధం చెప్పి ఎక్కువ బూస్ట్ తెప్పించడం. ఆ కోవకు చెందిన డబ్బా దేన్నీ నేను కొనమని చెప్పను. అలాగే మీది రోడ్డు మీద తిరిగే కారు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2019 సవరణతో చేర్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ప్రశ్న (విజయవాడ): డీజిల్ కారుకు రీమ్యాప్ (ఈసీయూలోని అంకెల మార్పు) చేయించాను. బాగా లేదు. ఈసీయూ నుంచి తీసిన ఫుల్ బ్యాకప్‌ను ఒక టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాను, ఎవరో ఉచితంగా సరిచేస్తారట. నేనే చేసుకుందామని క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కూడా దించాను. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?

ఆపొద్దు. మూడు ప్రశ్నల్లోనూ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. రీమ్యాప్ చెడితే ఇంజిన్ పోతుంది. ఇందులో కారే పోవచ్చు, దానితోపాటు బ్యాంకు ఖాతా కూడా.

ఫుల్ బ్యాకప్ అంటే పెట్రోల్, డీజిల్ టేబుళ్లు మాత్రమే అనుకుంటున్నారు. చాలా ఈసీయూలలో దానితోపాటు ఛాసిస్ నంబరు, ఇమ్మొబిలైజర్ సమాచారం కూడా వచ్చేస్తాయి. ఏ తాళం చెవికి ఈ ఇంజిన్ స్టార్ట్ కావాలో చెప్పే సమాచారం అది. చేయి తిరిగినవాడికి ఆ ఫైల్ దొరికితే కొత్త తాళం చెవి తయారుచేసుకునే దారి దొరికినట్టే. వేలమంది ఉన్న గ్రూపులో, కారు ఫొటో, నంబర్ ప్లేటు, ఊరు పేరుతో సహా దాన్ని పెడుతున్నారు. మీరొక్కరే కాదు, రోజూ ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు.

క్రాక్ సాఫ్ట్‌వేర్ సంగతి. యాంటీవైరస్ ఆపమని అడిగే ఇన్‌స్టాలర్‌లో ఏముందో చూసే దారి మీకు లేదు. అదే ల్యాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్, ఆధార్ స్కాన్లు, పిల్లల ఫొటోలు ఉంటాయి. నకిలీ కేబుళ్లతో వచ్చే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోవడం మరో బాధ. రాస్తున్నప్పుడు ఆగినా, బ్యాటరీ వోల్టేజి పడిపోయినా ఈసీయూ మూగబోతుంది.

ఓబీడీ పోర్ట్‌లో బ్లూటూత్ డాంగిల్ (కారు సమాచారాన్ని ఫోన్‌కు పంపే చిన్న పరికరం) ఎప్పుడూ గుచ్చే ఉంచేవాళ్లకూ ఇదే చెబుతున్నాను. వాటిలో చాలావాటి పిన్ 1234 లేదా 0000. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇన్సూరెన్స్ కోసం పోర్ట్‌కు తగిలించే ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, నెమ్మదిగా పోతున్న స్పోర్ట్స్ కారు బ్రేకులను పట్టించారు, పట్టకుండా కూడా చేశారు. ఓబీడీ పోర్ట్ నుంచి బ్రేకుల దాకా దారి ఉందని అప్పటికే రుజువైంది. చూడాల్సింది చూశాక డాంగిల్ పీకి జేబులో వేసుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఆ ఇన్‌స్టాలర్‌ను తెరవకుండా తీసేయండి, ఒకవేళ ఇప్పటికే తెరిచి ఉంటే బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. రీమ్యాప్ చేసినవాళ్ల దగ్గర ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుని, వాళ్లతోనే బండిని ఒరిజినల్‌కు మార్పించండి. ఇవ్వడం కుదరదంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈసీయూను మళ్లీ ప్రోగ్రామ్ చేయించండి, డబ్బు అవుతుంది. తాళం చెవులు ఎన్ని నమోదై ఉన్నాయో కూడా అక్కడే చూపించుకోండి. గ్రూపులో పెట్టిన ఫైల్‌ను ఇవాళే తీసేయండి, కింద ఎవరైనా దించుకున్నామని రాసి ఉంటే ఇమ్మొబిలైజర్ కోడ్ మార్చడం కుదురుతుందేమో అదే సెంటర్‌లో అడగండి.