ఒక సోషియాలజీ ప్రొఫెసర్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చదివాను. శ్రద్ధగా పనిచేశావు, అది తెలుస్తోంది. ఆవిడ ఎక్కడ చదివారు, పీహెచ్‌డీ ఎప్పుడు వచ్చింది, ఏ కోర్సులు చెబుతారు, ఏ అవార్డులు అందుకున్నారు, అన్నీ ఉన్నాయి. అంతా చదివాక కూడా ఆవిడ దేని గురించి ఆలోచిస్తారో మాత్రం నాకు తెలియలేదు. పరిశోధనా ఆసక్తులు అని పెట్టి కుటుంబం, వలస, పని, అసమానత అని రాశావు. ఆ నాలుగు మాటలూ ఏ సోషియాలజీ టీచర్ పేరు పక్కన పెట్టినా సరిపోతాయి.

వలస మీద పనిచేసేవాళ్ళు ముగ్గురు ఉన్నారనుకో. వెళ్ళినవాళ్ళు పంపే డబ్బు వల్ల ఇంట్లో ఎవరి మాట చెల్లుబాటు అవుతోందని ఒకరు అడుగుతారు. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళంతా కొత్త చోట ఒకే వీధికి ఎలా చేరతారని ఇంకొకరు. అసలు వెళ్ళలేక ఉండిపోయినవాళ్ళ సంగతేమిటని మూడో మనిషి. ముగ్గురి బయోడేటాలోనూ ఉండేది వలస అన్న ఒక్క మాటే. మీ ప్రొఫెసర్ గారిని ఇన్నేళ్ళుగా వదలని ప్రశ్న ఏదో నువ్వు పట్టుకోవాలి, వ్యాసం మొత్తం దాని చుట్టూ కూర్చోవాలి. అయితే 'మీ ప్రశ్న ఏమిటి మేడమ్' అని నేరుగా అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మొదటి ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళేటప్పుడు ఏం తేలుతుందనుకున్నారు, తీరా ఏం తేలింది అని అడుగు. అక్కడ మనిషి నిజంగా మాట్లాడటం మొదలుపెడతారు.

నేపథ్యం దగ్గర నువ్వు రాసింది నాకు నచ్చలేదు. రైతు కుటుంబంలో పుట్టారు కాబట్టి గ్రామాల మీద పరిశోధన చేశారు అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. రైతుల పిల్లల్లో డాక్టర్లయినవాళ్ళు ఉన్నారు, లాయర్లయినవాళ్ళు ఉన్నారు, మళ్ళీ ఊరి మొహం చూడనివాళ్ళూ ఉన్నారు, మరి ఈవిడే ఎందుకు ఇలా వచ్చారు?

ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ పియరీ బోర్దియూ సంగతి చూడు. 1930లో ఫ్రాన్స్‌లోని బేయార్న్ ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టాడు, తండ్రి పోస్ట్‌మన్. చదివింది ఫిలాసఫీ. 1955లో సైనిక సేవ కోసం అల్జీరియా వెళ్ళి, అక్కడ యుద్ధం నడుస్తుండగా అక్కడి కబైల్ అనే స్థానిక జాతి రైతుల బతుకుని దగ్గర నుంచి చూస్తూ సోషియాలజీలోకి వచ్చాడు. ఆ తర్వాతే సొంత ప్రాంతం వైపు తిరిగి, భూమికి వారసులైన పెద్దకొడుకులే పెళ్ళి కాకుండా ఎందుకు మిగిలిపోతున్నారని అడిగాడు. 1962లో వచ్చిన ఆ వ్యాసంలో, ఊళ్ళో డాన్స్ జరుగుతుంటే పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయే బ్రహ్మచారులు కనిపిస్తారు. ఒకప్పుడు భూమి ఉన్నవాడే మంచి సంబంధం. అమ్మాయిల చూపు పట్నం వైపు మళ్ళాక వీళ్ళ నడకా, బట్టలూ, మాటతీరూ మోటుగా అనిపించడం మొదలైంది. ఇప్పుడు చెప్పు, పల్లెటూరి పోస్ట్‌మన్ కొడుకు కాబట్టి ఇది రాశాడు అంటే ఏం చెప్పినట్టు? ఆ ఊళ్ళ సంగతి అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు, కానీ అది అడగాల్సిన ప్రశ్నగా కనిపించడానికి మధ్యలో ఫిలాసఫీ, అల్జీరియా, కొన్నేళ్ళ దూరం కావలసి వచ్చాయి. మీ ప్రొఫెసర్ గారి జీవితంలో ఆ మధ్యలో ఏముందో వెతుకు. పుట్టుక గురించి రెండు వాక్యాలు చాలు.

బోధన గురించి కోర్సుల పేర్లు రాసి ఆపేశావు. నాకైతే ఈ వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ చోటు దానికే ఇవ్వాలనిపిస్తుంది. ఎందుకంటే సోషియాలజీ క్లాసుకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఫిజిక్స్ టీచర్ ఎలక్ట్రాన్ గురించి చెబుతుంటే 'మా ఇంట్లో అలా ఉండదు సార్' అని ఎవరూ లేవరు. కుటుంబం గురించి, మతం గురించి, డబ్బు గురించి పాఠం చెబుతుంటే మాత్రం క్లాసులో ప్రతి ఒక్కరికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, పైగా అది సొంత అనుభవం నుంచి వచ్చింది కాబట్టి గట్టిగా ఉంటుంది. 'మా ఇంట్లో అలా కాదు మేడమ్' అని ఒక కుర్రాడు లేచి నిలబడ్డప్పుడు ఆవిడ ఏం చేస్తారు? ఆ పిల్లాడి అనుభవాన్ని కొట్టిపారేస్తే వాడు ఇంకెప్పుడూ నోరు తెరవడు. నిజమేనని ఒప్పేసుకుంటే పాఠమే లేదు. ఆ ఇంటిని మిగతా ఇళ్ళ పక్కన పెట్టి ఎక్కడ కలుస్తోంది, ఎక్కడ విడిపోతోంది అని వాడి చేతే వెతికించగలిగితే, అది చదువు చెప్పడం. దీన్ని ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకోలేవు, వెనక బెంచీలో కూర్చుని చూడాల్సిందే. కుదిరితే రీడింగ్ లిస్టు కూడా సంపాదించు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఏం తీసేశారు, ఏం చేర్చారో చూడు. పాఠం, పరిశోధన ఒకదానిలోకి ఒకటి నడుస్తాయి. సోషియాలజీకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన ఎమిల్ దుర్కెమ్ ఆత్మహత్యల మీద 1897లో పుస్తకం వేయడానికి కొన్నేళ్ళ ముందే ఫ్రాన్స్‌లోని బోర్డోలో అదే విషయం మీద పాఠాలు చెప్పాడు.

పరిశోధన గురించి రాసేటప్పుడు నాటకీయమైన సంఘటన ఒకటి దొరికితే జాగ్రత్త. మన దేశపు సోషియాలజిస్ట్ ఎం.ఎన్.శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి ఫీల్డ్‌వర్క్ చేశారు. 1970 ఏప్రిల్ 24న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోట దుండగులు నిప్పు పెడితే, ఆ పల్లెలో రాసుకున్న నోట్సుని క్రమబద్ధం చేసి రాసుకున్న మూడు కాపీలూ కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. ఆయన గురించి రాసేవాళ్ళు ఆ మంట గురించి రాయకుండా ఉండలేరు. కానీ కాలిపోయిన కాగితాల వెనక 18 ఏళ్ళ పని ఉంది. ఒక పల్లెలో విన్నవాటిని, చూసినవాటిని అన్నేళ్ళపాటు విడదీసి, వరస పెట్టి, మళ్ళీ విడదీయడం అనే ఆ పనిని ఎవరూ పట్టించుకోరు. మీ ప్రొఫెసర్ గారి దగ్గరా అలాంటి పని ఉంటుంది. ఒక్క ఇంటర్వ్యూని రాతలోకి దించడానికి ఎంతసేపు పడుతుంది, వాటిలోంచి విషయాలు ఎలా ఏరుతారు, మొదట అనుకున్నదానికి ఎదురుగా ఒకటి దొరికితే దాన్ని ఏం చేస్తారు, ఇవి అడుగు.

శ్రీనివాస్ ఆ పల్లెని రాంపుర అన్నారు, అది మారుపేరు. నువ్వు మాత్రం ఆవిడ పరిశోధన చేసిన ఊరి అసలు పేరు, అక్కడ మాట్లాడిన ఒక మనిషి వృత్తి, వయసు కూడా రాసేశావు. తీసెయ్, ఇందులో మొహమాటం లేదు. ఆర్థర్ విడిచ్, జోసెఫ్ బెన్స్‌మన్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి మీద 1958లో పుస్తకం వేస్తే, మారుపేర్లు పెట్టినా ఊళ్ళోవాళ్ళు ఎవరెవరో గుర్తుపట్టేశారు. జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినాన, జరిగిన ఊరేగింపులో అవే మారుపేర్లు తగిలించుకుని ముసుగులతో వెళ్ళారు, వెనకాల ఎరువు బండిలో రచయిత దిష్టిబొమ్మ. ఆవిడను నమ్మి మాట్లాడినవాళ్ళకి నీ వ్యాసం వల్ల ఇబ్బంది రాకూడదు.

పొగడ్తలు చాలావరకు కొట్టేశాను, ఎందుకో నీకే తెలుస్తుంది.

రాశాక, పరిశోధన ఫలితాల గురించి ఉన్న పేరాలు మాత్రం ఆవిడకు చూపించి, తప్పుగా అర్థం చేసుకున్నానా అని అడుగు. వ్యాసం మొత్తం పంపకు, తన గురించి ఏం రాయాలో తానే నిర్ణయించే టెన్షన్ ఆవిడ మీద పెట్టకూడదు, నీ చూపు నీదిగా ఉండాలి. డిగ్రీల వివరాలు కావాలంటే ఫోటో కింద చిన్న అక్షరాల్లో వేద్దాం. క్లాసులో కూర్చుని వచ్చాక మళ్ళీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య