చెక్క కత్తి అందుకున్న గ్లాడియేటర్‌కు పౌరసత్వం వచ్చేదా?

ప్రశ్న: పురాతన రోమ్ నేపథ్యంగా వచ్చిన ఒక సినిమా చూశాక మా ఇంట్లో వాదన మొదలైంది. గెలిచిన గ్లాడియేటర్‌కు చెక్క కత్తి ఇచ్చి విడిచిపెట్టారంటే ఆ క్షణం నుంచి అతడు రోమన్ పౌరుడేనని మా అబ్బాయి అంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. చట్టం దృష్టిలో అతడి హోదా ఏమిటి? బరిలో ఎదుటివాణ్ణి చంపితే అది హత్య కిందికి రాదా?

జవాబు: మీ వాదనలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. రూడిస్ అనే ఆ చెక్క కత్తి, ఇకపై బరిలోకి దిగి పోరాడవలసిన బాధ్యత తీరిపోయిందని తెలిపే గుర్తు మాత్రమే. దానితో బానిసత్వం తొలగదు. పౌరసత్వం అసలే రాదు. నేరం రుజువై గ్లాడియేటర్ల శిక్షణశాలకు వెళ్లినవారి విషయంలో న్యాయవేత్త ఉల్పియన్ ఈ తేడాను స్పష్టంగా చూపించాడు. అటువంటివాడికి మూడేళ్ల తరువాత చెక్క కత్తి, ఐదేళ్ల తరువాత స్వేచ్ఛకు చిహ్నమైన టోపీ ఇవ్వవచ్చునని ఆయన రాశాడు. అంటే మధ్యలోని రెండేళ్లూ అతడు పోరాడనవసరం లేదు గాని, స్వతంత్రుడు మాత్రం కాడు.

అందువల్ల గ్లాడియేటర్ హోదా గురించి ఎవరు అడిగినా, ఎన్ని పోటీలు గెలిచాడన్నది పక్కన పెట్టి, అతడు శిక్షణశాలలోకి ఏ దారిన వచ్చాడో ముందు తేల్చుకోవాలి. శిక్ష పడి వచ్చినవాడి సంగతి పైన చెప్పాను. అంతకన్నా కఠినమైన స్థితి, యజమాని తానే శిక్షణశాలకు అప్పగించిన బానిసది. క్రీ.శ. 4లో వచ్చిన ఏలియా సెంటియా చట్టం ప్రకారం, శిక్షగా సంకెళ్లు వేయించుకున్నవాడు, ముఖాన వాతలు పడ్డవాడు, కత్తితోగాని మృగాలతోగాని పోరాడడానికి అప్పగించబడినవాడు, శిక్షణశాలలోకి తోయబడినవాడు ఆ తరువాత ఏ యజమాని చేతిమీదుగా విడుదల పొందినా పౌరుడు కాలేడు. ఆయుధాలు పడవేసి లొంగిపోయిన శత్రువులకు రోమన్లు ఇచ్చే హోదాయే అతడికీ దక్కుతుంది. అతడికి వీలునామా ద్వారా ఆస్తి రాదు. రోమ్ నగరానికి నూరు మైళ్ల లోపల నివసించే హక్కు లేదు. ఆ నిషేధాన్ని మీరితే అతణ్ణి, అతడి ఆస్తిని బహిరంగంగా వేలం వేస్తారు. ఈ వివరాలన్నీ రెండవ శతాబ్దపు న్యాయవేత్త గాయుస్ రాసిన పాఠ్యగ్రంథంలో ఉన్నాయి. వేలమంది చప్పట్లు కొట్టిన వీరుణ్ణి అదే నగరంలో కాపురం ఉండనివ్వని చట్టం ఇది.

ఇక మూడవ దారి స్వచ్ఛందంగా వచ్చినవారిది. అప్పుల బాధతోనో సాహసం మీది మోజుతోనో స్వతంత్రుడైన పౌరుడు, కాల్చినా, కట్టివేసినా, కొట్టినా, కత్తితో చంపినా ఒప్పుకుంటానని ప్రమాణం చేసి, శిక్షణశాల యజమానికి తనను తాను కుదువపెట్టుకునేవాడు. ఇతణ్ణి ఆక్టోరాటుస్ అనేవారు. ఇతడు పౌరసత్వం కోల్పోడు; కాబట్టి చెక్క కత్తితో కొత్తగా పొందవలసినదీ లేదు. అయితే ఇతణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతే శిక్షణశాల యజమాని దొంగతనం దావా వేయవచ్చునని గాయుస్ చెబుతాడు. స్వతంత్రుణ్ణి దొంగసొత్తుగా లెక్కించే ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కొంత ఆశ్చర్యమే కలుగుతుంది.

పౌరసత్వం మిగిలినా ఇతడికి పరువు మిగలదు. రోమన్ చట్టంలో ఇన్‌ఫామియా అనేది నలుగురూ అనుకునే చెడ్డపేరు మాత్రమే కాదు, హక్కులను కత్తిరించే చట్టపరమైన అనర్హత. గ్లాడియేటర్‌గా కుదిరినవాడికీ, శిక్షణశాల నడిపేవాడికీ పురపాలక సభలో స్థానం లేదని హెరాక్లియా పట్టణంలో దొరికిన కంచు ఫలకం చెబుతోంది. జీతానికి మృగాలతో పోరాడడానికి కుదిరినవాడు ఇతరుల తరఫున ప్రెయిటర్ అనే న్యాయాధికారి ఎదుట వాదించడానికి వీలులేదు. మా న్యాయవాద వృత్తిలో అతడికి చోటు లేదన్నమాట. ఆసక్తికరమైన మెలిక ఏమిటంటే, డబ్బు పుచ్చుకోకుండా పరాక్రమం చూపడానికే దిగినవాడికి ఈ అనర్హత వర్తించదని పూర్వ న్యాయవేత్తలు అన్నట్లు ఉల్పియన్ పేర్కొన్నాడు. మచ్చ తెచ్చింది రక్తం కాదు, కిరాయి. క్రీ.శ. 19లో సెనేట్ తన కుటుంబాల పిల్లలను బరికీ రంగస్థలానికీ దూరంగా ఉంచుతూ తీర్మానం చేయవలసి వచ్చిందంటే, పెద్దింటివారిలోనూ ఆ మోజు ఎంతగా ఉండేదో ఊహించవచ్చు.

హత్య విషయానికి వస్తే, చనిపోయినవాడు బానిస అయినప్పుడు రోమన్ న్యాయవేత్త ముందుగా చూసేది యజమాని ఆస్తికి కలిగిన నష్టం. ఆ నష్టం ముందే కుదిరిన ఒప్పందంలో తీరిపోయేది. గాయుస్ ఇచ్చిన ఉదాహరణలో, ప్రదర్శన ఇప్పించినవాడు గ్లాడియేటర్ల యజమానికి, క్షేమంగా తిరిగివచ్చిన ఒక్కొక్క గ్లాడియేటర్‌కు 20 దినారీలు (రోమన్ వెండి నాణేలు), చనిపోయిన లేదా అంగవైకల్యం పొందిన ఒక్కొక్కడికి 1000 దినారీలు చెల్లించాలి. ఇది అద్దె ఒప్పందమా, క్రయమా అన్నది వివాదం. తిరిగివచ్చినవారి మేరకు అద్దె, మిగిలినవారి మేరకు క్రయం అన్న అభిప్రాయమే నిలిచింది. యాభై రెట్ల తేడా గమనించండి: ఓడినవాణ్ణి చంపించాలంటే ప్రదర్శన ఇప్పించినవాడి సంచి ఖాళీ కావాలి. సిసిలీలో సమాధి ఫలకం ఉన్న ఫ్లామా అనే గ్లాడియేటర్ 34 సార్లు పోరాడి, 21 సార్లు గెలిచి, 9 సార్లు సమానంగా నిలిచి, 4 సార్లు ఓడినా ప్రాణాలతో బయటపడ్డాడంటే అందులో ఈ లెక్క పాత్ర కొంతైనా ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

మన చట్టంతో పోల్చి చూడాలనుకుంటే, భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కూడా సరదాగా కత్తిసాము చేసే ఇద్దరి గురించే. కాని ఆ సెక్షన్ కింద పద్దెనిమిదేళ్లు దాటినవారి సమ్మతి, ప్రాణం తీయాలనిగాని తీవ్రంగా గాయపరచాలనిగాని ఉద్దేశం లేని పనికే రక్షణ ఇస్తుంది. ఆక్టోరాటుస్ చేసిన ప్రమాణం ఇక్కడ ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు.

మీ సినిమాలోని వీరుడు యజమాని అప్పగించిన బానిస అయితే మీ అబ్బాయి వాదన నిలవదు. తనంతట తానే కుదిరిన పౌరుడైతే, చెక్క కత్తి అందుకోకముందు కూడా అతడు పౌరుడే.