ధర కన్నా ముందు, లారీ ఎవరిదో అడగండి

హైదరాబాద్ నుంచి గురుగ్రామ్‌కి ఇల్లు మారుతున్నామని, ఫోన్‌లో ఒకరు 28 వేలు, ఇంకొకరు 65 వేలు చెబుతున్నారని, ప్యాకర్స్ అండ్ మూవర్స్‌లో ఎవరిని నమ్మాలో తెలియట్లేదని అడిగారు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసండీ. మేం సామాన్లతో రెండుసార్లు రాష్ట్రం దాటాం. 2018లో విశాఖ నుంచి పుణెకి, 2022లో పుణె నుంచి హైదరాబాద్‌కి.

మొదటిసారి నెట్‌లో ఒకచోట మా నంబర్ ఇచ్చాం. పది నిమిషాల్లో ఏడెనిమిది ఫోన్లు వచ్చాయి. అందరికన్నా తక్కువ చెప్పినవాళ్లకి ఐదు వేలు అడ్వాన్స్ పంపేశాం. ఇంటికొచ్చి సామాను చూడనే లేదు, "లిస్టు వాట్సాప్‌లో పెట్టండి మేడమ్, చాలు" అన్నారు. లోడింగ్‌కి వచ్చిన కుర్రాళ్లేమో వేరే ఏజెన్సీ వాళ్లు. మర్నాడు మా సామాను ఏదో గోడౌన్‌లో దించి, ఇంకో ముగ్గురి సామానుతో కలిపి వేరే లారీ ఎక్కించారు. ఆ సంగతి డ్రైవర్ చెబితేనే తెలిసింది. ఆ తర్వాత ఫోన్ చేసి, తూకం ఎక్కువైంది, ఇంకో 14 వేలు వేస్తేనే లారీ కదులుతుందన్నారు. చంటిపిల్లతో ఖాళీ ఇంట్లో చాపల మీద తొమ్మిది రోజులు గడిపాం. చివరికి అడిగినంతా కట్టాం. వచ్చాక చూస్తే అత్తయ్యగారు పెళ్లికి పెట్టిన బీరువా తలుపు సొట్టపోయి ఉంది. ఆవకాయ జాడీ పగిలి నూనంతా పరుపుల్లోకి దిగింది. కంప్లైంట్ ఇద్దామంటే కోటేషన్ మీద ఒక పేరు, బిల్లు మీద ఇంకో పేరు, లారీ మూడో వాళ్లది. ఎవరి మీద ఇవ్వాలి?

అందుకే రెండోసారి ధర అడగడానికి ముందే ఇవి అడిగాను: లారీ మీదేనా, బయట మాట్లాడతారా? మా సామాను ఒక్కటే వెళ్తుందా, షేరింగ్ లోడా? దారిలో ఎక్కడైనా దించి మారుస్తారా? షేరింగ్ అయితే ధర తగ్గుతుంది, తప్పేం కాదు. కానీ ఆ మాట ముందే చెప్పాలి, కోటేషన్‌లో రాయాలి. ముగ్గురు ప్యాకర్స్‌ని అడిగితే ఒక్కాయన మాత్రమే సూటిగా జవాబిచ్చి, మనిషిని పంపి, మంచం దగ్గర్నుంచి పూలకుండీల దాకా లెక్క రాయించాడు. ఆయనకే ఇచ్చాం. ఒక్క గ్లాసు కూడా పగల్లేదు.

ఆ ముగ్గురి జీఎస్టీ నంబర్లూ జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూశాను. అసలు పేరు, రిజిస్టరైన తేదీ, యాక్టివ్‌గా ఉందో లేదో అక్కడే కనిపిస్తాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకి 36, ఏపీకి 37, మహారాష్ట్రకి 27. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పేరున్న కంపెనీ పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపేవాళ్లు చాలామంది. అడ్వాన్స్ కూడా పోర్టల్‌లో కనిపించిన అసలు పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే పంపండి, ఎవరో కుర్రాడి యూపీఐ నంబర్‌కి వద్దు.

ఇన్సూరెన్స్ విషయంలో మేం కూడా మోసపోయాం. ప్యాకర్స్ వాళ్లు డబ్బు తీసుకుని తమ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం పాలసీ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన పాలసీ నంబర్ ఉండాలి, మీ పేరు, సామాను విలువ అందులో ఉండాలి. లారీ కదిలేముందు ఎల్‌ఆర్ (సామాను లారీకి ఎక్కించినట్టు ఇచ్చే రసీదు) కాపీ చేతికి తీసుకోండి. దాని మీద లారీ నంబర్, సామాను విలువ రాయించండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ గడువు తెలియక మేం ఫోన్ల మీదే నెలలు పోగొట్టుకున్నాం. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి.

ఇంకో మాట. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు. ఆ పేరు చెప్పి దారిలో డబ్బడిగితే ఇవ్వకండి.

దించేటప్పుడు డ్రైవర్ సంతకం కోసం తొందరపెడతాడు. టీవీ, ఫ్రిజ్, గాజు సామాను పెట్టెలు విప్పి చూశాకే సంతకం పెట్టండి. ఏదైనా పగిలి ఉంటే ఆ సంగతి ఆ కాగితం మీదే రాసి ఫోటో తీసుకోండి. ముందు నుంచి బట్టలేసే వాషింగ్ మెషిన్ అయితే, కొన్నప్పుడు తీసి దాచిన ట్రాన్సిట్ బోల్టులు ఈ వారమే వెతికిపెట్టుకోండి. అవి బిగించకుండా అంత దూరం పంపితే లోపల డ్రమ్ దెబ్బతింటుంది. ఇక సర్టిఫికెట్లు, నగలు, ఆవకాయ మాత్రం మీతోనే తీసుకెళ్లండి.