అటక దిగిన రేడియోకు కరెంటు ఇచ్చే ముందు

కడప

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

మీ జేజినాయన వాల్వు రేడియోను అటక మీది నుంచి దించినావని, ఉగాదినాడు పాడించాలని ఉన్నదని రాసిన ఉత్తరం ప్రొద్దుటూరు నుంచి నిన్ననే చేరింది. సంతోషమే, కానీ దాని ప్లగ్గును ఇప్పుడే గోడలో పెట్టవద్దు. పనిచేస్తుండగానే అటకెక్కింది కదా అని నీవు అనుకోవచ్చు. ఆ ధీమాతోనే నేనొకసారి ఏళ్లుగా మూలపడిన మైకుసెట్టు ఆంప్లిఫయరును నేరుగా 230 వోల్టులకు తగిలించినాను. కాసేపు గుయ్యిమని మోగి, తరువాత లోపల కరెంటును నిలువచేసే పెద్ద కండెన్సరు బుస్సుమని పగిలింది. అల్యూమినియం రేకు, తడి కాగితం పేలికలు బల్లంతా చిమ్మినాయి.

ఆ కండెన్సరులో రేకు మీద ఉండే సన్నని ఆక్సైడు పొరే ఇన్సులేటరు. వోల్టేజీ అందుతున్నంతకాలం ఆ పొర నిలుస్తుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుంటే క్షీణించి, పొర గుండా కరెంటు లీకేజీ పెరిగి, ఆ వేడికే కండెన్సరు పగులుతుంది. పైగా మన ఎండలకు మిద్దె కింది అటక కాగి, లోపలి ద్రవం కూడా కొంత ఆరిపోయి ఉంటుంది.

మొదట వెనక అట్ట విప్పి, దుమ్ము దులిపి, ఎలుకలు తీగలు కొరికినాయేమో చూడు. మెయిన్స్ తీగ రబ్బరు పెళుసుబారి ఉంటే కొత్తది వేయక తప్పదు. ఫ్యూజు ఉండవలసిన చోట రాగితీగ చుట్టి ఉంటే (ఇటువంటివి నేను లెక్కలేనన్ని చూసినాను) సరైన ఫ్యూజు వేయించు.

అందరూ పెద్ద డబ్బా కండెన్సరునే అనుమానిస్తారు గానీ, నన్నడిగితే స్పీకరును నడిపే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపుచేసే జల్లెడకు) పోయే చిన్న మైనపు కాగితపు కండెన్సరు అంతకంటే దొంగది. అది కొద్దిగా లీకైనా గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజీ చేరి, వాల్వు మితిమీరి కరెంటు లాగి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును సైతం కాల్చివేయగలదు. దానిని పరీక్షిస్తూ కూర్చోక మార్చివేయి.

పెద్ద కండెన్సరు ఉబ్బినా, జిగురు కారినా అదీ మార్చవలసిందే. బాగుంటే విప్పి నా దగ్గరికి తీసుకొని రా. పెద్ద రెసిస్టరు గుండా డీసీ వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ, లీకేజీ తగ్గేవరకు కొన్ని గంటలు బల్ల మీద ఉంచుతాను. వేరియాక్‌తో (మెయిన్స్ వోల్టేజీని తగ్గించి పెంచే ట్రాన్స్‌ఫార్మరుతో) సెట్టులోనే చేయవచ్చు గదా అంటావేమో. మీ సెట్టులో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు కూడా వాల్వే గనుక, తక్కువ వోల్టేజీలో అది సరిగా వేడెక్కదు, కండెన్సరుకు అందవలసినది అందదు.

ఇవన్నీ అయిన తరువాత, స్పీకరు తగిలించి ఉన్నదని చూసుకొని, ఫేజు తీగలో 100 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో, అంటే సెట్టుకు పోయే కరెంటంతా దాని గుండానే పోయేటట్టు, పెట్టి స్విచ్చు వేయి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. వెలుగు మొదట పెరిగి, తరువాత మందగించి నిలకడపడితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపు. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సరులో 250 వోల్టులు నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓముల రెసిస్టరుతో దానిని ఖాళీ చేసి, మీటరుతో చూసిన తరువాతే లోపల చేయి పెట్టు. స్క్రూడ్రైవరుతో మెరుపులు తెప్పించే పని వద్దు.

బల్బు పరీక్షలో గట్టెక్కితే దానిని తీసివేసి, సెట్టుకు నేరుగా కరెంటు ఇచ్చి, ముల్లును మీడియం వేవులో 900 కిలోహెర్ట్జ్‌కు తిప్పు, కడప కేంద్రం పలుకుతుంది. డయలు మీద మీటర్లే ఉంటే 333 దగ్గర వెదుకు. పలికింది గదా అని మొదటి గంటలో గది విడిచి పోవద్దు. మైనం కాలిన వాసన తగిలినా, గుయ్యిమనే మోత పెరుగుతున్నా స్విచ్చు ఆపి నాకు కబురు చేయి.

ఇట్లు,
నీ మామ